ఫిర్యాదు పెట్టెలో సమానత్వం

విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం (యుజిసి) లెక్కలో సమానత్వమంటే ఒక అధికారి, ఒక దరఖాస్తు, 60 రోజుల గడువు. అన్యాయం జరిగిన విద్యార్థి కాగితం రాసిస్తే సమానత్వం కదులుతుంది. రాయకపోతే బీరువాలో పడి వుంటుంది. ఉన్నత విద్యాసంస్థల్లో సమత పెంచడానికని 2012లో యుజిసి తెచ్చిన నిబంధనలను మొదట్నుంచి చివరిదాకా చదివితే చేతికి చిక్కే సారం ఇదే.

ఈ పాత పాఠాన్ని మళ్లీ చదవాల్సిన పని ఎందుకొచ్చింది? 2026 జనవరిలో యుజిసి దీని స్థానంలో కొత్త నిబంధనలు ప్రకటించింది. దళిత, ఆదివాసీ విద్యార్థులతోపాటు బీసీ విద్యార్థుల్ని కూడా రక్షణ కిందికి తెచ్చింది. వెంటనే అగ్రవర్ణ విద్యార్థులు రోడ్డెక్కారు. ఆ నెల దాటకముందే సుప్రీంకోర్టు కొత్తవాటి అమలు ఆపి, 2012 నాటివే కొనసాగుతాయని చెప్పింది. అంత గొడవా దేనిమీద జరిగింది? ఎవరు ఎవరిమీద ఫిర్యాదు చెయ్యొచ్చు, తప్పుడు ఫిర్యాదుకు శిక్ష వుండాలా వద్దా అన్నదాని మీద. 2025 ముసాయిదాలో తప్పుడు ఫిర్యాదుకు శిక్ష అనే మాట పెట్టారు, విమర్శలొచ్చాక తీసేశారు. అవునన్నవాళ్లూ కాదన్నవాళ్లూ ఫిర్యాదు చుట్టూనే తిరిగారు. సమానత్వాన్ని ఫిర్యాదుగా కుదించడమే తప్పు కదా అన్న ప్రశ్న వెనక్కి పోయింది.

ఆ ప్రశ్నను మంత్రాలయం, ఆదోని, ఎమ్మిగనూరు వైపు నుంచి అడగడం ఈ వ్యాసం పని. కర్నూలు జిల్లా పడమటి పల్లెల్లో దళిత పిల్లల చదువు ఎక్కడెక్కడ తెగిపోతుందో చూస్తే, ఫిర్యాదులు తీసుకునే అధికారి తలుపు దాకా పోకముందే ఎంత జరిగిపోతుందో తెలుస్తుంది. ఆ తలుపు దాకా పోయినవాళ్లకు ఏమైందో హైదరాబాదు చెబుతుంది.

పాఠం ఒప్పుకున్నది

ముందు ఆ పాఠానికి దక్కాల్సిన గౌరవం ఇద్దాం. 2012 నిబంధనలు ఏలినవాళ్ల దయతో వచ్చినవి కావు. ఢిల్లీ ఎయిమ్స్‌లో దళిత, ఆదివాసీ విద్యార్థుల మీద వివక్షను విచారించిన సుఖదేవ్ తోరట్ కమిటీ 2007లో నివేదిక ఇచ్చింది. హాస్టల్లో వేధింపులు పడలేక ఆ పిల్లలు కొన్ని అంతస్తులకే చేరి బతకాల్సి వచ్చిందని రాసింది. దేశంలోకెల్లా పెద్ద వైద్యకళాశాలలో కూడా వాడ వేరు, ఊరు వేరు అన్నమాట. 2008 ఫిబ్రవరిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర పరిశోధక విద్యార్థి సెంథిల్ కుమార్ ప్రాణం తీసుకున్నాడు. ఇట్లా ప్రాణాలు పోయి, విద్యార్థి సంఘాలు కొట్లాడితే వచ్చిన పాఠం ఇది.

అది ఒప్పుకున్నవి చిన్న సంగతులు కావు. హాస్టల్లో, మెస్సులో, చదువు గదిలో, ఆటస్థలంలో విద్యార్థుల్ని వేరుచేయడం వివక్ష అని రాసింది. తరగతిలో కులం పేరెత్తి పిలవడం, 'రిజర్వేషన్ వాడు' అని ముద్రవేయడం, మార్కులు తగ్గితే కులాన్ని కారణంగా చూపి కించపరచడం, ప్రవేశాల్లో రిజర్వేషన్‌ను ఎగ్గొట్టడం వివక్ష అని రాసింది. ఎవరూ చెయ్యని పనిని ఏ ప్రభుత్వమూ నిషేధించదు. అంటే ఇవన్నీ తరగతి గదిలో జరుగుతున్నాయని ప్రభుత్వమే ముద్రేసి ఒప్పుకుంది. 1990లో మండల్‌ను వ్యతిరేకించినవాళ్లు బూట్లు తుడిచి, రోడ్లూడ్చి, 'ప్రతిభ చచ్చిపోయింది' అని ఏడ్చారు. తరతరాలుగా ఆ పనులు చేసినవాళ్లను చూసి ఒక్కనాడూ ఏడవని కళ్లు అవి. ఆ ఏడుపునే మేధావితనంగా చెలామణీ చేసిన క్యాంపస్సుల్లో, ప్రతిభ పేరుతో కించపరచడం నేరమని రాయించుకోవడం గెలుపే.

ఎవరు రాయాలి, ఎవరికి రాయాలి

కానీ ఆ గెలుపు కాగితం చివర ఏముంది? వివక్షను విచారించే అధికారి ఆ సంస్థలోనే పనిచేసే సీనియర్ అధ్యాపకుడు. ఆయన తీర్పు నచ్చకపోతే చెప్పుకోవాల్సింది ఆ సంస్థ అధిపతికే. నిబంధనల్ని అసలు అమలుచేయని సంస్థను ఏం చెయ్యాలో 2012 పాఠం చెప్పదు. (2026 పాఠంలో సంస్థల మీద చర్య అనే మాట చేరింది. అది మేలే. దాని అమలు ఆగిపోయింది.) పొలంలో పడిన గొడ్లమీద ఫిర్యాదు గొడ్లకాపరికే ఇచ్చినట్టు వుంది యవ్వారం.

కోసిగి నుంచో కౌతాళం నుంచో, ఇంట్లో మొదటిసారి డిగ్రీ దాటి విశ్వవిద్యాలయానికి పోయిన పిల్లను ఊహించుకోండి. గైడు సంతకం లేకుండా ఆమెకు సెమినారు లేదు. శాఖాధిపతి సంతకం లేకుండా ఫెలోషిప్ లేదు. వార్డెన్ సంతకం లేకుండా గది లేదు. 'నాకు అన్యాయం జరిగింది' అని ఆమె రాసివ్వాల్సింది ఈ సంతకాల వరసలో కూచున్నవాళ్లకే, లేకపోతే వాళ్ల పక్క కుర్చీవాళ్లకే. ఫోన్లో ఇంటివాళ్లు ఏమంటారు? "సార్లతోటి పెట్టుకోవాకమ్మా, సదువు అయిపోజేసుకొని రా" అంటారు. ఇది పిరికితనం కాదు. రెడ్ల పొలంలో కూలి అడిగి, కూలీతోపాటు దెబ్బలు కూడా తిన్న తరాలు నేర్చుకున్న లెక్క. ఫిర్యాదు చేసేవాడికి బతకడానికి ఇంకో దోవ వుండాలని వాళ్లకు తెలుసు. నిబంధన రాసినవాళ్లకు తెలియదు.

ఇంకో చిక్కు కూడా వుంది. ఫిర్యాదుకు ఒక నేరస్తుడు కావాలి. పేరు కావాలి, తేదీ కావాలి, సాక్షి కావాలి. కులం క్యాంపస్సులో ఇప్పుడు పేరుపెట్టి తిట్టడం తగ్గించుకుంది. అది ఫైలు రూపంలో పనిచేస్తోంది. సెంథిల్ కుమార్ చనిపోయాక వినోద్ పావరాల కమిటీ విచారించి తేల్చిందేమిటి? ఆయన శాఖలో గైడుల కేటాయింపు ఒక పద్ధతీ పాడూ లేకుండా నడిచిందని, దాని దెబ్బ ఎక్కువగా దళిత, ఆదివాసీ విద్యార్థులకే తగిలిందని. ఒకరికి గైడు దొరక్కపోవడానికి ఎవరి మీద కేసు పెడతాం? ఎవరూ ఏమీ అనలేదు. ఎవరూ ఏమీ చెయ్యలేదు. చెయ్యకపోవడంతోనే పని అయిపోయింది.

రోహిత్ వేముల విషయం అందరికీ తెలిసిందే అనుకుంటాం. ఒక అంకె మాత్రం మర్చిపోతాం. 2015 జూలై నుంచి ఆయనకు నెలకు 25,000 రూపాయల ఫెలోషిప్ ఆగిపోయింది. ఏడు నెలల బకాయి 1,75,000 రూపాయలు. చనిపోయే ముందు రాసిన ఉత్తరంలో ఆ లెక్క రాసి, అది ఇంటివాళ్లకు అందేట్టు చూడమని, అందులోంచి ఒక స్నేహితుడి అప్పు తీర్చమని కోరాడు. హాస్టల్ నుంచి వెలివేయబడిన ఐదుగురు దళిత పరిశోధకులు 2016 జనవరిలో ఆరుబయట 'వెలివాడ' కట్టుకుని పడుకున్నారు. జనవరి 17న రోహిత్ పోయాడు. అప్పటికి సమత నిబంధనలు వచ్చి మూడేళ్లు దాటింది. ఆ విశ్వవిద్యాలయానికే 2008 అనుభవం వుంది. అంతకు ముందు 2002లో పదిమంది దళిత విద్యార్థుల్ని బహిష్కరించిన చరిత్ర వుంది. అయినా నిబంధన ఆ విద్యార్థుల్ని నిలబెట్టలేకపోయింది. ఎందుకంటే ఫెలోషిప్ ఆగిపోవడం ఆ కార్యాలయానికి 'జాప్యం' మాత్రమే. వివక్ష అనే గడిలో అది పట్టలేదు. రోహిత్ తల్లి రాధిక వేముల, ముంబైలో 2019లో ప్రాణం తీసుకున్న డాక్టర్ పాయల్ తడ్వి తల్లి ఆబేదా తడ్వి కలిసి అదే ఏడాది సుప్రీంకోర్టుకు పోయి, 2012 నిబంధనలు అమలు కావడం లేదని చెప్పుకోవాల్సి వచ్చింది. తల్లులు కోర్టు మెట్లెక్కితేగాని కొత్త పాఠం గురించి ఆలోచన మొదలు కాలేదు.

సుగ్గి కాలం, హాజరు పట్టీ

ఇక పడమటి కర్నూలుకు వద్దాం. 2011 జనాభా లెక్కల్లో కర్నూలు జిల్లా అక్షరాస్యత సుమారు 60 శాతం. కోసిగి, మంత్రాలయం, పెద్దకడుబూరు, కౌతాళం లాంటి పడమటి మండలాలు జిల్లా సగటు కంటే వెనక వున్నవి. తుంగభద్ర పక్కనే పారుతుంది. దిగువ కాలువ ఆదోని, ఎమ్మిగనూరు పొలాల్లోకి వస్తుంది. చివరి ఆయకట్టుకు మాత్రం నీళ్లు అందవు. హక్కులు కూడా మనవాళ్లకు ఈ కాలువ లాగానే వస్తాయి. పైన కాగితం మీద నిండుగా పారతాయి, చివరి మడికి వచ్చేసరికి తడి వుండదు.

వానలు పోతే సుగ్గికి పోతారు. పత్తి తీయడానికి తెలంగాణకు, మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపుకు లారీలెక్కుతారు. ఊళ్లో తలుపులకు తాళాలు, అరుగుల మీద ముసలివాళ్లు మిగులుతారు. చిన్నపిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు పెట్టామని సర్కారు చెబుతుంది. మరి ఆదోనిలోనో ఎమ్మిగనూరులోనో డిగ్రీ చదివే పిల్ల సంగతి? మిరప కోతల కాలమూ కాలేజీలో సెమిస్టరు కాలమూ ఒకటే. రెండు చేతులు ఎక్కువుంటే ఇంటి అప్పు తీరుతుంది కాబట్టి ఆమె కూడా లారీ ఎక్కుతుంది. తిరిగొచ్చేసరికి హాజరు 75 శాతానికి తగ్గివుంటుంది. కండొనేషన్ ఫీజు కట్టమంటారు. కూలికి పోయినందుకు, ఆ కూలి డబ్బుల్లోంచే జరిమానా! ఇందులో ఎవరూ ఆమెను కులం పేరుతో తిట్టలేదు. ప్రిన్సిపాలు మంచివాడే కావొచ్చు. కానీ ఆ హాజరు పట్టీ ఏ ఇంటి క్యాలెండరు చూసి రాశారు? సుగ్గికి పోవాల్సిన అవసరం లేని ఇంటి క్యాలెండరు చూసి రాశారు.

దరఖాస్తు కాగితం చూడండి. 'తండ్రి పేరు' అని గడి వుంటుంది. బళ్లారి, ఆదోని, ఆలూరు సీమలో మాదిగ ఆడపిల్లల్ని బసివినిగా వదిలే ఆచారం బ్రిటిష్ వాళ్ల కాలంనుంచీ రికార్డయింది. 1988లో రాష్ట్రం దాన్ని చట్టంతో నిషేధించింది. చట్టం వచ్చినంత మాత్రాన ఆ తల్లుల బిడ్డలకు తండ్రి పేరు పుట్టుకురాదు. ఆ గడి దగ్గర ఆగిపోయిన చెయ్యి ఎవరిమీద ఫిర్యాదు రాయాలి?

డబ్బు సంగతి చూడండి. 2020 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం 77వ నంబరు జీవో ఇచ్చి, ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివేవాళ్లకు ఫీజు రీయింబర్స్‌మెంటు ఆపింది. ఏ కులం పేరూ ఆ జీవోలో లేదు. ప్రభుత్వ పీజీ సీటు దొరక్కపోతే పక్క ఊళ్లోని ప్రైవేటు కాలేజీయే దిక్కైన పిల్లలకు, అందులోనూ దూరం పంపలేని ఆడపిల్లలకు, ఆ ఒక్క కాగితం ఎమ్మే, ఎమ్మెస్సీల తలుపు మూసింది. ప్రభుత్వం బకాయి పడితే కాలేజీలు సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోవడం రాష్ట్రమంతా చూసిందే. బకాయి సర్కారుది, తాకట్టు పిల్లవాడి సర్టిఫికెట్టు. 

ఎవరి చదువుకు మాన్యం వుంది?

ఇక్కడ మంత్రాలయం చరిత్రే మనకు ఒక పాఠం చెబుతుంది. ఆ ఊరి పాత పేరు మంచాల. ఊరి దేవత మంచాలమ్మ. బీజాపూరు సుల్తానుల తరఫున ఆదోనిని ఏలిన సిద్ది మసూద్ ఖాన్ ఈ ఊరిని రాఘవేంద్రస్వామికి దానమిచ్చాడని మఠ సంప్రదాయమే చెబుతుంది. 1671లో స్వామి అక్కడే బృందావన ప్రవేశం చేశాడంటారు. ఆయన ద్వైత శాస్త్రంలో పండితుడు. మఠం ఇప్పటికీ సంస్కృత విద్యాపీఠం నడుపుతోంది. భక్తుల నమ్మకం మీద ఇక్కడ పేచీ లేదు. గమనించాల్సింది వేరే వుంది. బ్రాహ్మణ విద్యను ఈ దేశంలో ఎవరూ ఫిర్యాదు పెట్టెతో బతికించలేదు. దానికి ఊళ్లు ఇచ్చారు, మాన్యాలు ఇచ్చారు, తిండి పెట్టారు, గురువును పెట్టారు. హిందూ రాజులే కాదు, ముస్లిం పాలకులు కూడా ఇచ్చారు. చదువు నిలబడాలంటే ముందు దాని కింద భూమి వుండాలని వాళ్లందరికీ తెలుసు. ఆ మాన్యాల్లో చెమటోడ్చిన చేతులకు మాత్రం అక్షరం అందలేదు. ఇప్పుడు ఆ చేతుల బిడ్డలు చదువుకొస్తే, 'నీకు అన్యాయం జరిగితే రాసివ్వు, 60 రోజుల్లో చూస్తాం' అంటున్నారు. వాళ్లకు మాన్యం, మనకు అర్జీ!

అంబేడ్కర్ ఈ తేడా కనిపెట్టినవాడు. 1942లో వైస్రాయికి ఇచ్చిన వినతిపత్రంలో ఆయన మంచి మాటలు అడగలేదు. ఉన్నత చదువులకు, విదేశీ చదువులకు డబ్బు అడిగాడు. 1944లో మొదలైన పోస్టు మెట్రిక్ స్కాలర్‌షిప్పు ఆ ఒరవడిలో వచ్చిందే. దేశంలో ఏ ఉపన్యాసమూ చెయ్యని పని అది చేసింది. కర్నూలు పక్కన పెద్దపాడులో పుట్టిన దామోదరం సంజీవయ్య అనంతపురంలో డిగ్రీ, మద్రాసులో న్యాయశాస్త్రం చదివి 1960లో ముఖ్యమంత్రి అయ్యాడు. ఆయనను చూపించి 'తలుపు తెరిచే వుంది కదా' అంటారు. ఒక్కడు దాటినాడంటే అది వంతెన కాదు, ఆ ఒక్కడు ఈత నేర్చినాడని అర్థం.

జాతి అన్నా కులం అన్నా

2001లో డర్బన్‌లో జాతివివక్ష మీద ఐక్యరాజ్యసమితి మహాసభ జరిగినప్పుడు కులాన్ని అక్కడ చర్చించకుండా భారత ప్రభుత్వం అడ్డుపడింది. కులం జాతి కాదంది. శాస్త్రం ప్రకారం కాకపోవచ్చు. కానీ జాతి సమానత్వం కోసం ఇతర దేశాల్లో జరిగిన పోరాటాల నుంచి మనం నేర్చుకోకూడదని ఏ శాస్త్రమూ చెప్పలేదు.

బ్రిటన్ సంగతే తీసుకుందాం. 1993లో లండన్‌లో స్టీఫెన్ లారెన్స్ అనే నల్లజాతి కుర్రవాణ్ని జాత్యహంకారులు చంపారు. పోలీసులు కేసును నీరుగార్చారు. తల్లిదండ్రుల పోరాటం వల్ల వేసిన మెక్‌ఫర్సన్ విచారణ 1999లో ఒక మాటను అధికారికంగా ఒప్పుకుంది. జాత్యహంకారం ఒక చెడ్డ మనిషి బుర్రలోనే వుండదు, సంస్థ నడిచే పద్ధతిలోనే వుంటుందని. దాని వెంట వచ్చిన 2000 సంవత్సరపు చట్టం విశ్వవిద్యాలయాలతో సహా ప్రభుత్వ సంస్థలన్నిటిమీదా జాతి సమానత్వాన్ని ముందుగానే పెంచే బాధ్యత పెట్టింది. ఏ జాతి విద్యార్థులు ఎంతమంది చేరుతున్నారో, ఎట్లా ముందుకు పోతున్నారో విశ్వవిద్యాలయమే లెక్కలు తీసి చూసుకోవాల్సి వచ్చింది. అక్కడ నల్లవాళ్ల కష్టాలు తీరిపోయాయని కాదు. నల్ల ప్రొఫెసర్లు ఇప్పటికీ పిడికెడే. కానీ ప్రశ్న తిరగబడింది. 'నీకేం అన్యాయం జరిగిందో రుజువు చెయ్' అని విద్యార్థిని అడగడం కాక, 'నీ దగ్గర సమానత్వం వుందని చూపించు' అని సంస్థను అడగడం మొదలైంది.

అమెరికాలో బ్రాండైస్ విశ్వవిద్యాలయం 2019లో, కాలిఫోర్నియా స్టేట్ విశ్వవిద్యాలయం 2022లో వివక్ష నిషేధ విధానంలో కులాన్ని చేర్చాయి. మన తెలుగువాళ్లు కులాన్ని కూడా సూట్‌కేసులో పెట్టుకుని విమానం ఎక్కుతున్నారని అక్కడి దళితులు చెప్పుకుంటే జరిగిన పని ఇది. మెచ్చుకోవాల్సిందే. అయితే అవి కూడా ప్రధానంగా ఫిర్యాదు దోవనే చూపుతాయి. పేరు చేర్చడం మొదటి మెట్టు, బాధ్యత పెట్టడం రెండోది.

మన ఇంటి లెక్క

లెక్కలు అడిగేటప్పుడు మన లెక్క కూడా మనమే తీయాలి. ఎస్సీ కోటా నిండిందని విశ్వవిద్యాలయం చెబితే, ఆ నిండినవాళ్లలో మాదిగలు ఎందరు, డక్కలి, రెల్లి లాంటి కులాల వాళ్లు ఎందరు అని అడిగే ధైర్యం దళిత విద్యార్థి సంఘాలకు వుండాలి. 1994 నుంచి దండోరా అడిగింది ఇదే. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణను సమర్థించింది. 2025లో ఆంధ్రప్రదేశ్ మూడు గ్రూపులుగా అమల్లోకి తెచ్చింది. మాల, మాదిగ అన్నదమ్ముల మధ్య ఈ ముప్పై ఏళ్లలో పడిన గాయాల్ని మాన్పుకోవడానికి దాపరికం లేని లెక్కే మందు. అట్లాగే మన సంఘాల్లో బసివిని తల్లుల బిడ్డలు ఎక్కడ, ఆడపిల్లలు ఎక్కడ అన్నది కూడా మన లెక్కలో రావాలి. సంస్థకు అద్దం చూపించేవాళ్లు ఆ అద్దంలో తామూ కనిపించాలి.

బోర్డు మీద రాయాల్సినవి

ఫిర్యాదు వద్దని ఇక్కడ వాదన కాదు. కొట్టినవాడిమీద, తిట్టినవాడిమీద ఫిర్యాదు వుండాల్సిందే. 1989 అత్యాచారాల నిరోధక చట్టం క్యాంపస్ గేటు దగ్గర ఆగిపోకూడదు. ఫిర్యాదు వినేవాళ్లలో సంస్థకు సంబంధంలేని బయటివాళ్లు వుండాలి. కానీ ఫిర్యాదు ఆఖరి గడప. మొదటి గడప సంస్థ బాధ్యత.

ఆ బాధ్యతను కొలవడానికి పెద్ద కమిషన్లు అక్కర్లేదు. ప్రతి ఏడాదీ ప్రతి విశ్వవిద్యాలయమూ, కాలేజీ కులవర్గాల వారీగా ఐదు లెక్కలు నోటీసు బోర్డు మీద పెట్టాలి. ఎంతమంది చేరారు, ఎంతమంది మధ్యలో మానేశారు. పరిశోధకులకు గైడు ఏ తేదీన ఇచ్చారు. ఫెలోషిప్, స్కాలర్‌షిప్ ఏ నెలది ఏ నెలలో చేతికొచ్చింది. రాతపరీక్షలో వచ్చిన మార్కులకూ ఇంటర్వ్యూలో వేసిన మార్కులకూ తేడా ఎంత. రిజర్వుడు అధ్యాపక పోస్టులు ఎన్ని, ఎన్నేళ్లుగా ఖాళీ. ఈ లెక్క చూపని సంస్థకు గ్రాంటు ఆపాలి. లెక్కలో తేడా వస్తే కారణం చెప్పుకోవాల్సింది సంస్థ, విద్యార్థి కాదు. సుగ్గికి పోయే ఇళ్ల పిల్లలకు కండొనేషన్ ఫీజు రద్దుచేసి, తిరిగొచ్చాక పాఠాలు చెప్పే ఏర్పాటు చెయ్యాలి. దరఖాస్తులో తల్లి పేరు ఒక్కటే చాలనాలి.

2008లో పుట్టిన కర్నూలు రాయలసీమ విశ్వవిద్యాలయమూ, ఆదోని, ఎమ్మిగనూరు డిగ్రీ కాలేజీలూ దీన్ని మొదలుపెట్టడానికి ఢిల్లీ నుంచి ఉత్తర్వు రావాల్సిన పనిలేదు. సుప్రీంకోర్టు స్టే అడ్డం రాదు. సొంత రిజిస్టర్లు తెరిచి, వున్న అంకెల్ని బోర్డు మీద రాస్తే చాలు. రాయడానికి ఏ సంస్థ వెనకాడుతుందో, అక్కడే మన పరిశోధకులు మొదటి ప్రశ్న అడగాలి.